మా వకీలుగారి మంత్రిపదవి

ఆయన మంత్రి అయ్యాక కూడా నేను వకీలుగారూ అనే పిలిచాను. ఆయన నన్ను మాస్టారూ అనే పిలిచారు. ఆయన పోయినప్పుడు పేపర్లలో రాసినవాళ్లు ఆయన చదువు గురించి, శాసనసభలో ఆయన ఇంగ్లీషు గురించి రాశారు. కొండమీద జరిగింది ఎవరూ రాయలేదు. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్లూ నేనూ రాయలేదు.

అప్పట్లో నేను అరకు సంతకు క్రోసు దూరంలో మిషన్ బడి నడిపేవాణ్ణి. మా సొంతూరు కింద, విజయనగరం పక్క. మిషన్ వాళ్లే చదువు చెప్పించి, పెళ్లి చేసి, ఇద్దర్నీ ఘాటీ ఎక్కించారు. బడి అంటే గడ్డి కప్పిన ఒక పొడుగాటి పాక. వానాకాలం పిల్లలకన్నా మేకలే ఎక్కువ వచ్చేవి. నా భార్యకు ఏడాదికి రెండుసార్లు కొండజ్వరం తగిలేది. అయినా ఉండిపోయాం. నాలుగేళ్లు తిరిగేసరికి సంతలో మాట్లాడే ఒరియా కలిసిన తెలుగే కాదు, కొండవాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే మాట కూడా నా నోటికి వచ్చేసింది. ఆ మాట రావడం వల్లే వకీలుగారు నా గుమ్మంలోకి వచ్చారు.

ఓ ముసురు రోజు మధ్యాహ్నం. పాఠం చెబుతుంటే వాకిట్లో ఓ మనిషి కనిపించాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. కోటు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో గొడుగుంది కానీ దాన్ని తనకు పట్టుకోలేదు, పక్కనున్న కొండమనిషికి పట్టాడు. ఆ కొండమనిషి నెత్తిమీద ఓ రేకు స్నానపుతొట్టి ఉంది. మనిషి మునిగేంత పెద్దది.

"మాస్టారూ, ఏదో చింతపండు వ్యాపారి దావా పని మీద వచ్చాను. కింద వకీలు పని చేస్తాను. మీకు వీళ్ల భాష వచ్చునట. ఈ తొట్టి ఎవరిదో, ఎక్కణ్ణుంచి మోస్తున్నాడో కాస్త అడిగి చెప్పండి" అన్నారు.

నేను నోరు తెరవకముందే ఆ కొండమనిషి తెలుగులోనే చెప్పాడు.

"దొర తానం సేసే తొట్టి బాబూ. అనంతగిరి కాడినుంచి మోత్తన్నాను."

"కూలి ఏమిస్తామన్నారు?" అని వకీలుగారే అడిగారు.

కొండమనిషి నవ్వాడు. "కూలేటి బాబూ? ఎట్టి గదా!"

"రానంటే?"

"రానంటే మా ఊరి పెద్ద, నాయుణ్ణి ఎండలో నిలబెడతారు. ఆయన మా పెదనాన కొడుకు. ఎలగ రానంటాను?"

వెట్టి సంగతి కింద ఉన్నవాళ్లకు విని ఉండడమే గానీ చూసి ఉండదు. సర్కారు మనిషి ఎవరు ఘాటీ ఎక్కినా సామాను మొయ్యడానికి ఊళ్లవాళ్లు రావాలి. విత్తే రోజైనా, కోసే రోజైనా, ఇంట్లో శవం ఉన్నా రావాలి. నాకది అలవాటైపోయింది. సూర్యుడు పొడిచినట్టే వెట్టి కూడా ఉంటుందనుకునేవాణ్ణి. వకీలుగారు మాత్రం ఆ వానలో నిలబడి తొట్టికేసి చాలాసేపు చూశారు. చింతపండు దావా మరి ఏమైందో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

నెల తిరగకుండా మళ్లీ వచ్చారు. ఈసారి కాగితాలు, సిరాబుడ్డి తెచ్చుకున్నారు. ఊరూరా తిరిగి వెట్టి మోసినవాళ్ల వాంగ్మూలాలు రాయిద్దాం, నేను అడుగుతాను, మీరు వాళ్ల మాట తెలుగులో రాయండి అన్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉండేది. ఆయన దాన్ని మెచ్చుకున్నారు. మిషన్ దొరగారికి ఏదో సాకు చెప్పి మూడు వారాలు ఆయన వెంట నడిచాను.

మొదట్లో ఆయన తన మరచెంబులో నీళ్లు తప్ప ముట్టేవారు కారు. రెండో వారానికి మరచెంబు నా సంచిలోనే ఉండిపోయింది. ఎవరింట్లో చోడిఅంబలి పోస్తే వాళ్లింట్లో తాగారు. వాళ్లు చెప్పేది వింటూ మధ్యమధ్య తల పట్టుకునేవారు. ఓ ఊళ్లో ఒకావిడ చెప్పింది, విత్తే వేళకు మొగుణ్ణి తీసుకుపోతే తను నెలలు నిండిన కడుపుతో పొలంలోకి దిగానని. ఇంకో ఊళ్లో, చనిపోయిన తమ్ముణ్ణి పూడ్చకుండానే మోతకు వెళ్లానని ఒకడు చెప్పాడు. చెప్పడం చెప్పారు గానీ వేలిముద్ర అనగానే అందరూ వెనక్కి జరిగారు.

తొట్టి మోసిన మనిషే ముందుకొచ్చాడు. ఇకమీద ముసలాయన అంటాను గానీ అప్పటికి యాభై నిండి ఉండవు. కొండమీద మనిషి తొందరగా ముసలివాడైపోతాడు.

"నా ఏలు ముందెయ్యండి బాబూ. ఏటవుద్దో సూద్దారి" అన్నాడు.

వేలిముద్ర వేయిస్తే కాగితం మీద గీతలేవీ పడలేదు. నల్లటి చుక్క పడింది, అంతే. గొడ్డలీ కావడీ కలిసి వేలు మీది గీతలన్నీ అరగదీసేశాయి. వకీలుగారు దాని పక్కన తన చేత్తో ఇంగ్లీషులో ఏదో రాశారు. ఏం రాశారని అడిగాను. "ఇది మనిషి వేలే అని సాక్ష్యం రాశాను మాస్టారూ" అన్నారు. ఆ ముసలాయన వెనక మిగతావాళ్లు వరసకట్టారు.

ఆ కాగితాలు అచ్చయి మద్రాసు దాకా పోయాయి. నాకు మాత్రం కష్టమొచ్చింది. మిషన్ దొరగారు పిలిపించి, నువ్వు పంతులివా, గొడవలు రేపేవాడివా అని నిలదీశారు. వకీలుగారు కింది నుంచి వచ్చి ఆయనతో రెండు గంటలు మాట్లాడి నా ఉద్యోగం నిలబెట్టారు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

మరుసటేడు ఆర్డరు వచ్చింది. ఇష్టం లేని మనిషి చేత మోత మోయించకూడదని, మోసినవాడికి కూలి చేతికివ్వాలని సంతలో డప్పు వేసి చదివారు. ముసలాయన నా దగ్గరికొచ్చి ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ ఏడు సామలు ఎవరి పొలంలో వాళ్లు కోసుకున్నారు. వకీలుగారికిమ్మని ముసలాయన భార్య ఒక గుమ్మడికాయ, గుప్పెడు పిప్పళ్లు తెచ్చిచ్చింది. నేను ఘాటీ దిగినప్పుడు పట్టుకెళ్లి ఇచ్చాను. ఆయన గుమ్మడికాయను బల్లమీద పెట్టుకుని, వచ్చిన క్లయింట్లందరికీ చూపించారు.

అక్కణ్ణుంచి ఆయన పేరు పెరిగింది. జిల్లా బోర్డులోకి వెళ్లారు. తర్వాత శాసనసభకు నిలబడ్డారు. ఎన్నికల సభల్లో ఆ రేకుతొట్టి కథ చెబితే జనం కళ్లు తుడుచుకునేవారట. గెలిచారు. కొండవాళ్లకు మాత్రం ఓటు లేదు. ఆయన్ని మద్రాసు పంపింది ఎవరి కథో, వాళ్లకు ఎన్నిక ఏ రోజు జరిగిందో కూడా తెలియదు.

ఆ ఏళ్లలోనే మాకు దూరంగా, చింతపల్లి వైపు కొండల్లో ఫితూరీ లేచింది. పటాలాలు దిగాయి. ఆ మంట మా వైపు రాలేదు కానీ పటాలానికి బియ్యం మొయ్యాలని మనుషుల్ని మాత్రం మా వైపు నుంచీ తీసుకుపోయారు. కొండమీద ఎవరు ఏ కాగితం చేతబట్టినా అనుమానంగా చూసేవారు. సంతలో చదివిన ఆర్డరు అడుగున పడిపోయింది. ఫితూరీ అణిగాక కూడా మోత ఆగలేదు. ముసలాయన ఓసారి బడికొచ్చి, "ఆ కాయితం ఇంకోపాలి సదివితే ఇంటారేమో మేస్టరూ" అన్నాడు. ఎవరికి చదవను?

వకీలుగారు మంత్రి అయ్యారని మిషన్‌కు వచ్చే పేపర్లో చూశాను. ఆస్పత్రులు, బోర్డులు ఆయన కింద పెట్టారు. ఆ రోజు బడికి సెలవిచ్చేశాను. నా భార్య పాయసం చేసింది. ఇక మన కష్టం తీరిందే అని ఆవిడతో అన్నాను. వెంటనే ఉత్తరం రాశాను, వెట్టి మళ్లీ మొదలైందని, మీరు ఒక్క మాటంటే చాలని. ఉత్తరం అందినదని కార్యదర్శి సంతకంతో జవాబొచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు. మూడోసారి ఆయన తన చేత్తోనే రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

"మాస్టారూ, నా బల్ల ఎదురుగా మన జిల్లా పటం వేలాడుతోంది. కొండల మొదట్లో ఒక గీత ఉంది. నా సంతకం ఆ గీత దాకానే చెల్లుతుంది. గీత అవతల కొండల్ని ఏలే ఏజెంటు దొరగారిది, ఆయన పైన గవర్నరుగారిది. ఈ సంగతి నాకు పదవిలోకి వచ్చే ముందు చట్టంగా తెలుసు, ఇప్పుడు నిజంగా తెలిసింది. అరకులో ఒక ఆస్పత్రి అడుగుతున్నాను. దానికి వాళ్లు ఒప్పుకునేదాకా వెట్టి మాట ఎత్తదలచలేదు. రెండూ ఒకేసారి అడిగితే రెండూ పోతాయి. మీరు కొంచెం ఓపిక పట్టండి."

ఓపిక పట్టాను. ఆయనా పట్టారు. రెండేళ్లు తిరిగాయి. శాసనసభలో ఎవరో వెట్టి గురించి ప్రశ్న వేస్తే ఆయన తల దించుకుని కూర్చున్నారని ఓ పేపరు రాసింది. నేను నమ్మలేదు. తర్వాత ఆయన నోటే విన్నాను, నిజమేనని.

ఆస్పత్రికి ఒప్పుకున్నారు. సంతకు పక్కన మూడు గదుల రాతి కట్టడం లేచింది. డాక్టరును వేశారు. ప్రారంభానికి మంత్రిగారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. అది వలిసెలు పూసే కాలం. లోయంతా పసుపు పరిచినట్టుంది. సామలు కోతకొచ్చాయి.

డిప్యూటీ తాసీల్దారు గుర్రం మీద బడికొచ్చాడు. ఆ వానలకు అనంతగిరి దాటాక రోడ్డు రెండుచోట్ల కూలిపోయింది. మోటారు రాదు, బండి కూడా రాదు.

"మాస్టారూ, మనుషులు కావాలి. ఆస్పత్రి మంచాలు, మందులపెట్టెలు, మంత్రిగారి పరివారం సామాను. మా జవాన్లకు ఏ ఊళ్లో ఎవరున్నారో సరిగా తెలియదు. మీరు పేర్లు రాసిచ్చారంటే పని సుళువవుతుంది."

"ఇది వెట్టే కదండీ" అన్నాను.

"ఏం మాటండీ! ఆయన వీళ్ల మనిషి. వీళ్ల ఆస్పత్రి. సంతోషంగా వస్తారు, చూడండి. కూలి కూడా ఇప్పిస్తాను."

నేను రాశాను. ఎనభైమంది పేర్లు, ఊళ్లవారీగా, గుండ్రటి అక్షరాలతో. ఎవరూ నా మెడమీద కత్తి పెట్టలేదు. ఆయన వస్తున్నారన్న సంబరంలో, నా చేతుల మీదుగా అంతా బాగా జరగాలన్న ఆశతో రాశాను. ముసలాయన పేరు రాయలేదు, పెద్దవాడయ్యాడని. ఆయన కొడుకు పేరు రాశాను.

ఆ కాగితం పట్టుకుని జవాన్లు ఊళ్లలోకి వెళ్లారు. ఎవరు రాశారని అడిగితే మేస్టరు రాశాడని చెప్పారు. దాంతో ఎవరూ మారుమాట్లాడలేదు.

నేను ముందు రోజే అనంతగిరి వెళ్లాను. తెల్లారి చూస్తే చలికి ముడుచుకుని కూర్చున్న మనుషుల్లో ముసలాయన ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావు? నీ పేరు నేను రాయలేదే!"

"గుంటడి పేరు రాసినారు గదా. ఆడికి సలిజొరం, లెగనేడు. పేరున్నాక ఎవులో ఒకలు రావాల గదా మేస్టరూ."

"ఇంటికెళ్లిపో. తాసీల్దారుగారితో నేను చెబుతాను."

"ఒద్దులే. మన బాబు సామానే గదా. బాబు మోతకైతే పిలవకపోయినా ఒద్దును" అని లేచాడు.

చెప్పాలనే అనుకున్నాను. ఇంతలో ఎవరో దండల బుట్టలు ఏవని అడిగారు. ఇంకెవరో పిలిచారు. నేను అటు వెళ్లిపోయాను.

మంచాలు, పెట్టెలు, కుర్చీలు, సోడాబుడ్ల పెట్టెలు కదిలాయి. వాటితోపాటు ఒక రాతిపలక ఉంది, ఆస్పత్రి గోడకు పెట్టేది. దాని మీద వకీలుగారి పేరు, పదవి చెక్కించారు. దాన్ని వాసాలకు కట్టి నలుగురు మోశారు. వెనక వాసం కింద ముసలాయన భుజం పెట్టాడు.

రోడ్డు కూలినచోట బురదలోంచి అడ్డదారిన దిగాలి. ముందువాడి కాలు జారింది. తాడు తెగిందో, వాసమే విరిగిందో, నేను వంద గజాల వెనక ఉన్నాను, కేక మాత్రం విన్నాను. పరుగెత్తి వెళ్లేసరికి ముగ్గురు బురదలో లేచి కూర్చున్నారు. పలక ముసలాయన గుండెల మీద ఉంది. అందరం కలిసి ఎత్తాం. ఆయనకు తెలివి ఉంది. ఊపిరి తీస్తే లోపల ఏదో గరగరమంటోంది.

మంత్రిగారి డోలీ గంట తర్వాత వచ్చింది. ఆయన బాగా లావయ్యారు. చక్కెర జబ్బు పట్టుకుంది, పాదాలు వాచి ఉన్నాయి. నడుస్తానంటే డాక్టరు వద్దన్నాడట. జనం గుమిగూడి ఉంటే డోలీ ఆపించి దిగారు. నన్ను చూసి చెయ్యెత్తబోయి, కింద పడుకున్న మనిషిని చూశారు. వెంటనే గుర్తుపట్టారు.

"తాతా! నువ్వా?" అని బురదలోనే మోకాళ్ల మీద కూర్చున్నారు.

"బాబూ" అన్నాడు ముసలాయన. "పెద్దోడివైనావు. ఒళ్లు సేసినావు."

డాక్టరు వచ్చి పక్కటెముకలు తడిమి చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు. మందులపెట్టెలు అప్పటికే ముందుకెళ్లిపోయాయి.

"తాతా, ఏం కావాలో చెప్పు. నేనున్నాను కదా. చెప్పు."

ముసలాయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నా కొడుకు పేరు ఆ కాయితంలోంచి తీసెయ్యమను బాబూ. నాను పోతే పొలానికి ఆడొక్కడే."

వకీలుగారు లేచి కాగితం ఏదని అడిగారు. డిప్యూటీ తాసీల్దారు జేబులోంచి తీసిచ్చాడు. ఆయన దాన్ని విప్పారు. మొదటి పేరు దగ్గరే ఆయన కళ్లు ఆగిపోయాయి. ఆ చేతిరాత ఆయనకు తెలుసు. మూడు వారాలు ఆయన పక్కన కూర్చుని రాసిన రాత అది. తలెత్తి నాకేసి చూశారు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చూసి, పెన్సిల్ తీసుకుని, కొడుకు పేరు ఏదని నన్నే అడిగారు. నేను వేలుపెట్టి చూపించాను. ఆయన కొట్టేసి, ముసలాయన ముఖం దగ్గర కాగితం పట్టి చూపించారు. ముసలాయనకు అక్షరం రాదు. అయినా చూసి తలాడించాడు.

పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. మంత్రిగారి డోలీలోనే శవాన్ని ఊరికి తీసుకెళ్లారు. ఆయన చెప్పులు విడిచి వాచిన పాదాలతో వెనక నడిచారు. నేను ఇంకా వెనక నడిచాను. పలక దారి పక్కనే ఉండిపోయింది.

మర్నాడు ప్రారంభం ఆపేద్దామన్నారు ఆయన. తాసీల్దారు, డాక్టరు బతిమాలారు. ఇప్పుడు ఆపితే మళ్లీ ఏ ఏజెంటు ఒప్పుకుంటాడు, డాక్టరును వెనక్కి పిలిచేస్తారు, మూడు గదులూ పాడుబడతాయి అన్నారు. అది నిజమే. ఆయన ఒప్పుకున్నారు. దండలు వద్దన్నారు. తలుపు తీసి, బయట నిలబడ్డ జనంవైపు తిరిగారు.

"నేను మీకోసమే వెళ్లాననుకున్నాను. అక్కడ కూర్చుని మిమ్మల్ని మరిచాను. తప్పు నాది" అన్నారు. నేను ఆ మూడు మాటలూ వాళ్ల భాషలో చెప్పాను. ఎవరూ కదల్లేదు. ముసలాయన భార్య ముందుకొచ్చి, తన భాషలో నన్ను ఏదో అడిగింది.

"ఏమంటోంది మాస్టారూ?" అన్నారు ఆయన.

"ఏం లేదండీ. దుఃఖంలో ఉంది."

"ఏమందో అది చెప్పండి."

చెప్పక తప్పలేదు. "బాబు వెనక్కి వెళ్లేటప్పుడు కూడా మనుషులు కావాలా అని అడుగుతోందండీ. కావాలంటే ఇప్పుడే చెప్పమంటోంది. ఊళ్లో శవం పని ఉందట, కోత కూడా మిగిలిపోయిందట."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. కోతకు ఎవరెవరు మిగులుతారో తెలుసుకోవాలని అడిగింది.

"ఎవరూ అక్కర్లేదని చెప్పండి" అన్నారు.

తెచ్చిన సామానంతా ఆస్పత్రికే వదిలేశారు. పరివారాన్ని కూడా ఎవరి సంచి వాళ్లనే పట్టుకోమన్నారు. భుజాన ఒక గుడ్డసంచి తగిలించుకుని ఆ పాదాలతో ఘాటీ నడిచి దిగారు. రెండు రోజులు పట్టింది. నేను వెంట వస్తానంటే వద్దన్నారు. ఒక్కమాట అనలేదు నన్ను. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మద్రాసు వెళ్లాక ఆయన ఓపిక వదిలేశారు. కొండల్లో వెట్టి మీద విచారణ జరపాలని రాశారు. అది మీ శాఖ కాదన్నారు. శాసనసభలో లేచి మాట్లాడారు, తాను కూర్చున్న సర్కారునే తప్పుబట్టారు, ముసలాయన సంగతి చెప్పారు. ఈసారి ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. సొంత పార్టీవాళ్లే మందలించారు. మాట వెనక్కి తీసుకోమన్నారు. తీసుకోకపోతే రాజీనామా ఇమ్మన్నారు. ఇచ్చారు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. మైదానంలో ఓట్లున్న భూస్వాములకు వెట్టి అన్న మాటే గిట్టలేదు. వాళ్ల పొలాల్లోనూ అటువంటి మనుషులున్నారు మరి.

మళ్లీ నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టారు. అప్పటికి క్లయింట్లు వేరే వకీళ్లకు అలవాటుపడ్డారు. ఏడాదిన్నరకు ఆయన భార్య నాకు కార్డు రాశారు. కాలికి పుండు లేచింది, మానడం లేదు, మిమ్మల్ని ఒకసారి చూడాలంటున్నారు అని.

వెళ్లాను. వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. కాలికి కట్టు కట్టి ఉంది. మళ్లీ సన్నబడ్డారు, మొదట చూసినప్పటి మనిషి అయ్యారు. సామలు పండాయా, ఆస్పత్రికి జనం వస్తున్నారా అని అడిగారు. వస్తున్నారన్నాను. డాక్టరు జ్వరం పడి దిగిపోయాడని, కాంపౌండరే చూస్తున్నాడని కూడా చెప్పాను. ఇక ఆపుకోలేకపోయాను.

"వకీలుగారూ, ఆ పేర్లు నేను రాయకుండా ఉండాల్సింది."

ఆయన కట్టు కట్టిన కాలు సర్దుకుని అన్నారు: "మీ చేతిరాత బాగుంటుంది మాస్టారూ. అందుకే అందరూ మీ చేత రాయించుకున్నాం. నేను రాయించింది నా పేరు పైకి తెచ్చింది. వాళ్లు రాయించింది ఆయన్ని తీసుకుపోయింది. మీరొక్కరే మోయకండి. ఆ రెండేళ్లూ నోరు మూసుకుని కూర్చున్నది నేను."

లోపలినుంచి ఆవిడ కాఫీ తెచ్చారు. ఆయనకు చక్కెర వెయ్యలేదు. తాగి ముఖం చిట్లించి, చిన్నపిల్లవాడిలా నా గ్లాసుకేసి చూశారు. ఆవిడ నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ని అదే ఆఖరుసారి చూడటం.

రెండు నెలలకు ఆయన పోయారని కబురొచ్చింది. ఆ రోజు సంత. పసుపుకొమ్ముల బుట్ట ముందు కూర్చున్న ముసలాయన కొడుకు దగ్గరికి వెళ్లి చెప్పాను. తండ్రి పోయినప్పటినుంచీ, రెండేళ్లకు పైగా, ఆయన నాతో మాట్లాడటం లేదు. నేను చెప్పింది విని బుట్ట సర్దేసుకుని లేచిపోయాడు. కోపంతో వెళ్లిపోయాడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బడి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చిన్న సామల మూట ఉంది. చావింటికి గింజలు పట్టుకెళ్లడం వాళ్ల ఆచారం.

"మాయమ్మ ఎల్లమంది. దారి సూపించు మేస్టరూ" అన్నాడు.

ఇద్దరం ఘాటీ దిగాం. దారిలో ఆయన మాట్లాడింది తక్కువ. పొలం సంగతి, తల్లి మోకాళ్ల నొప్పి. వకీలుగారింట్లో బంధువులు చాలామంది ఉన్నారు. కొండమనిషి వచ్చి వరండా మెట్టు మీద నిలబడితే ఎవరో బయటే ఉండమన్నారు. వకీలుగారి భార్య లోపలినుంచి ఆ మాట విని వచ్చారు. ఎవరని నన్ను కళ్లతోనే అడిగారు. చెప్పాను. ఆవిడకు ఆ కథంతా తెలుసు.

ముసలాయన కొడుకు మూట ముందుకు పట్టాడు. ఆవిడ చీరకొంగు పట్టి అందుకున్నారు. కూర్చోమని చాప వేయించారు. ఆయన కూర్చుని, గోడమీదున్న వకీలుగారి ఫోటోకేసి చూస్తూ, "ఈ బాబేనా?" అని నన్నడిగాడు. అవునన్నాను. జ్వరంలో ఉండి తను ఆ రోజు ఆయన్ని చూడనేలేదట.

ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చారు. గ్లాసు ఖాళీ చేశాక, ఇంకా కావాలా నాయనా అని అడిగారు. ఆయన కావాలని తల ఊపాడో, వద్దని ఊపాడో తెలియదు. ఆవిడ మళ్లీ పోశారు.